కాలిఫోర్నియాలో డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ చాలా, పెళ్లే చేసుకోవాలా?

రెండో షిఫ్ట్

శాన్ హోసేలో ఉంటాం, ఇద్దరం మగవాళ్లమే. నాది హెచ్-1బీ (ఉద్యోగ వీసా), గ్రీన్ కార్డ్ కోసం ఈబీ-2 కేటగిరీలో ఐ-140 (కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యింది, ఆ తర్వాత ఇండియా క్యూ సంగతి మీకు చెప్పక్కర్లేదు. నా పార్ట్‌నర్ కూడా తెలుగబ్బాయే, ఇక్కడే మాస్టర్స్ చేసి ఓపీటీలో (చదువయ్యాక కొంతకాలం పని చెయ్యనిచ్చే అనుమతి) ఉన్నాడు, ఈమధ్యే లేఆఫ్ అయ్యింది, కొత్త ఉద్యోగం ఇంకా దొరకలేదు. ఇన్సూరెన్స్ పోయింది కదా, నా ప్లాన్‌లో చేరుద్దామని హెచ్‌ఆర్‌ని అడిగితే పెళ్లి సర్టిఫికెట్ అయినా పర్లేదు, డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ (పెళ్లి కాకుండా జంటగా రిజిస్టర్ చేసుకోవడం, ఇక మీదట డీపీ అని రాస్తా) అయినా పర్లేదు, మాకు రెండూ ఒకటే అన్నారు. ఆఫీసులో ఒక అమెరికన్ ఫ్రెండ్ కూడా కాలిఫోర్నియాలో రెండిటికీ తేడా లేదు అనేశాడు.

మేం అనుకుంటున్నది ఏంటంటే, ముందు డీపీ రిజిస్టర్ చేసుకుని, ఒకటి రెండేళ్లు ఆగి, మా ఇంట్లో చెప్పుకున్నాక పెళ్లి. వాళ్లింట్లో తెలుసు, మా ఇంట్లో తెలియదు, పెళ్లి అన్నాక అమ్మానాన్న లేకుండా చేసుకోవడం నాకు మింగుడు పడట్లేదు. డీపీ అయితే కాగితం మీద సంతకమే కాబట్టి తేలిగ్గా ఉంటుంది, ఖర్మ కాలి కుదరకపోతే తేలిగ్గా బయటికి రావచ్చు అనిపిస్తోంది. ఇందులో మా కంటికి కనబడని గొయ్యి ఏదైనా ఉందా? లాయర్ని ఎలాగూ కలుస్తాం, కానీ ఏం అడగాలో తెలియకుండా వెళ్తే గంట ఫీజంతా ఓనమాలకే అయిపోతుంది.

పాత కాపు

మీ ఫ్రెండ్ చెప్పింది కాలిఫోర్నియా చట్టం వరకూ కరెక్టే. మీ బతుకులో సగం, వీసాతో సహా, ఫెడరల్ చట్టం చేతిలో ఉంది, అక్కడ ఆ మాట చెల్లదు.

కొంచెం పాత కథ చెప్తా, ఎందుకంటే ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మిగతాది దానంతటదే అర్థమవుతుంది. 2000లో రాష్ట్ర రిజిస్టర్ మొదలైనప్పుడు దానివల్ల వచ్చేవి ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్లే హక్కు లాంటివి కొన్నే. తర్వాత ఏబీ 205 అనే చట్టం చేశారు, 2005 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చాక రాష్ట్ర చట్టం పెళ్లైన వాళ్లకి ఇచ్చే హక్కులూ బాధ్యతలూ దాదాపు అన్నీ డీపీకి వచ్చాయి. మేం రిజిస్టర్ చేసుకుంది ఆ తర్వాతే. సేమ్ సెక్స్ జంటల్ని పెళ్లి చేసుకోనివ్వట్లేదు కాబట్టి చేసుకున్నాం, అంతే. 2008లో కొన్ని నెలలు పెళ్లిళ్లు జరగనిచ్చారు, నవంబర్‌లో ప్రాప్ 8 అని జనం ఓటేసిన సవరణ వచ్చి ఆపేసింది, 2013 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో మళ్లీ మొదలయ్యాయి. మేం అప్పుడు పెళ్లి చేసుకున్నాం.

2013 జూన్ 26న, అదే రోజు, విండ్సర్ కేసు తీర్పు కూడా వచ్చింది. న్యూయార్క్‌లో ఎడిత్ విండ్సర్ అని ఒకావిడ, ఆమె భార్య థియా స్పయర్. 2007లో టొరంటో వెళ్లి పెళ్లి చేసుకున్నారు. స్పయర్ పోయాక ఆస్తి మీద 3,63,053 డాలర్ల ఫెడరల్ ఎస్టేట్ ట్యాక్స్ పడింది, పోయింది మొగుడై ఉంటే సున్నా పడేది. ఫెడరల్ ప్రభుత్వం అలాంటి పెళ్లిని గుర్తించాల్సిందేనని కోర్టు 5-4తో చెప్పింది. ఆ తీర్పు పెళ్లి గురించే, డీపీ గురించి కాదు. ఆ ఏడాదే ఐఆర్‌ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) కూడా రాతపూర్వకంగా తేల్చేసింది: చెల్లే చోట చేసుకున్న సేమ్ సెక్స్ పెళ్లి ఏదైనా ఫెడరల్ పన్నుకి పెళ్లే, రిజిస్టర్డ్ డీపీ మాత్రం పెళ్లి కాదు.

ఇక మీరు తేలిక అంటున్న దాని గురించి. రాష్ట్రంలో రిజిస్టర్ చేసుకున్న రోజు నుంచి మీ జీతం కమ్యూనిటీ ప్రాపర్టీ, అంటే సగం అతనిది. అతను ఆ తర్వాత చేసే అప్పులకి కూడా కమ్యూనిటీ ఆస్తి పూచీ. విడిపోతే భరణం లెక్కలు పెళ్లైన వాళ్లకి ఉన్నట్టే. ఒక ఫారం పంపి రద్దు చేసుకునే దారి ఉందన్నది నిజమే, కానీ అది రిజిస్టర్ అయ్యి ఐదేళ్లు దాటకుండా, పిల్లలు లేకుండా, ఇల్లూ స్థలం లేకుండా, ఆస్తులూ అప్పులూ ఒక పరిమితి లోపల ఉండి, ఇద్దరూ అన్నిటికీ ఒప్పుకుంటేనే. అది కూడా పంపిన ఆరు నెలలకి పూర్తవుతుంది, ఈలోపు ఒకరు మనసు మార్చుకుంటే ఆగిపోతుంది. మిగతా వాళ్లంతా సుపీరియర్ కోర్టుకి వెళ్లాల్సిందే, విడాకుల్లాగే. అంటే మీరు పెళ్లి బరువంతా నెత్తిన పెట్టుకుని ఫెడరల్ లాభాలు వదిలేసుకుంటున్నారు. ఇది తెలిసి చేస్తే తప్పులేదు, తేలిక అనుకుని మాత్రం చెయ్యొద్దు.

ఇంకోటి, హెచ్‌ఆర్ వాళ్ల నోట డీపీ అంటే ఏ డీపీయో కనుక్కోండి. కంపెనీ ఇచ్చే అఫిడవిట్ ఒక రకం, ఊరి రిజిస్టర్ (బర్క్‌లీ, శాన్ ఫ్రాన్సిస్కో లాంటి చోట్ల పాతకాలం నుంచీ ఉన్నాయి) ఒక రకం, శాక్రమెంటోలో సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర నమోదయ్యేది మూడో రకం. పైన నేను చెప్పిన బరువంతా ఈ మూడో దానికే. కొన్ని కంపెనీలు అఫిడవిట్‌తో సరిపెట్టుకుంటాయి, మీకు కావాల్సింది ఇన్సూరెన్స్ ఒక్కటే అయితే అది చాలు.

కాగితాల పిచ్చి

ఇమిగ్రేషన్ లా ఆఫీసులో పని చేస్తాను, లాయర్ని కాదు, కాబట్టి ఇది సలహా కాదు, వెళ్లి అడగాల్సినవి మాత్రం చెప్తా.

డీపీతో హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) రాదు. ఎన్నేళ్లు కలిసున్నా రాదు, కాలిఫోర్నియా ఎంత గట్టిగా గుర్తించినా రాదు. ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి భాగస్వామి అంటే పెళ్లైన వాళ్లే. 2013 తర్వాత సేమ్ సెక్స్ పెళ్లిని మిగతా పెళ్లిళ్లతో సమానంగా చూస్తున్నారు, ఎక్కడ జరిగిందో అక్కడ చెల్లితే చాలు, మీరు ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది అడగరు. డీపీ ఉన్నవాళ్లకి దొరికే దారి మహా అయితే కలిసి ఉండే పార్ట్‌నర్‌గా బీ-2 విజిటర్ వీసా, దాంతో పని చెయ్యడానికి లేదు.

మీవాడి ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులు, సైన్స్, టెక్ డిగ్రీల వాళ్లకి ఇచ్చే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంటే 150. ఆ గడువు దాటకముందే, ఇంకా స్టేటస్‌లో ఉండగానే హెచ్-4 కి ఐ-539 (స్టేటస్ మార్చమని అడిగే ఫారం) వెయ్యాలి, దానికి పెళ్లి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. మీ ఐ-140 అప్రూవ్ అయ్యింది కాబట్టి హెచ్-4 వచ్చాక ఈఏడీకి (పని చెయ్యడానికి అనుమతి) కూడా అప్లై చెయ్యొచ్చు, ఆ నిబంధన 2015 నుంచి ఉంది. "ఒకటి రెండేళ్లు ఆగి" అన్న మాట మీ కేసులో పని చెయ్యదు.

వీసా కోసం పెళ్లి తొందరపడితే మోసం అంటారేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. నిజంగా కలిసి బతుకుతున్న జంట వీసా గడువు చూసుకుని ముహూర్తం పెట్టుకోవడం మోసం కాదు, వీసా కోసమే దొంగ పెళ్లి చేసుకోవడం మోసం. లీజు ఇద్దరి పేరా ఉందా, బ్యాంకు అకౌంట్ జాయింటా, ఇలాంటివి దాచుకోండి. మీ అమ్మానాన్నకి తెలియకపోవడం వల్ల కేసు పోదు, కానీ తర్వాతెప్పుడైనా ఇంటర్వ్యూలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన ఇళ్ల పరిస్థితి వాళ్లకేం కొత్త కాదు.

ఒక ప్రశ్న. మీ పార్ట్‌నర్ ఎక్కడ పుట్టాడు? ఊరు పేరు వద్దు, దేశం చెప్పండి చాలు.

లెక్కల మాష్టారు

పన్నుల వైపు నుంచి చూస్తే అందరూ చెప్పినంత ఏకపక్షంగా లేదు.

కాలిఫోర్నియా రిటర్న్‌లో రిజిస్టర్డ్ డీపీ వాళ్లు పెళ్లైన వాళ్లలాగే జాయింట్‌గానో విడిగానో వేస్తారు. ఫెడరల్‌కి ఇద్దరూ సింగిల్. కానీ కాలిఫోర్నియాది కమ్యూనిటీ ప్రాపర్టీ కాబట్టి, రిజిస్టర్ అయిన రోజు నుంచి ఇద్దరి సంపాదనా కలిపి చెరి సగం చేసి, ఎవరి సగం వాళ్లు తమ సింగిల్ రిటర్న్‌లో చూపించాలి, ఫారం 8958 జత చెయ్యాలి. ఉదాహరణకి ఒకరికి 1,80,000 డాలర్ల జీతం, ఇంకొకరికి సున్నా అనుకోండి, ఫెడరల్‌కి చెరో 90,000 అన్నమాట. దీనివల్ల జాయింట్ రిటర్న్‌తో వచ్చే లాభం చాలావరకు డీపీలో కూడా వచ్చేస్తుంది, ఇది చాలామంది ట్యాక్స్ ప్రిపేరర్లకే తెలియదు, సాఫ్ట్‌వేర్ అయితే మరీ ఘోరం. (మీవాడు ఎఫ్-1లో ఐదు క్యాలెండర్ సంవత్సరాలు దాటకపోతే పన్నుకి నాన్‌రెసిడెంట్ అయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు ఈ లెక్క మీద ఇంకో లెక్క పడుతుంది, తెలిసినవాళ్లకి చూపించండి.)

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం డీపీకి దెబ్బే. కంపెనీ మీ పార్ట్‌నర్ కవరేజీకి పెట్టే డబ్బు, అతను పన్ను చట్టం ప్రకారం మీ డిపెండెంట్ అయితే తప్ప, మీ డబ్ల్యూ-2లో (ఏడాది జీతం పత్రం) ఫెడరల్ ఆదాయంగా కలుస్తుంది. చేతికి రాని డబ్బుకి పన్ను. కాలిఫోర్నియా మాత్రం రిజిస్టర్డ్ వాళ్లకి ఈ పన్ను వెయ్యదు. మీ హెచ్ఎస్ఏలోంచి (వైద్య ఖర్చులకి పన్ను లేని పొదుపు ఖాతా) అతని డాక్టర్ బిల్లు కట్టినా ఫెడరల్‌కి చెల్లదు. హెచ్‌ఆర్ "రెండూ ఒకటే" అన్నది కవరేజీ గురించి, మీ పే స్టబ్ గురించి కాదు.

ఇప్పుడు డీపీకి లాభం వచ్చే చోటు. ఇంటి లోన్ వడ్డీ. పెళ్లైన జంటకి ఇద్దరికీ కలిపి 7,50,000 డాలర్ల లోన్ వరకే వడ్డీ డిడక్షన్. పెళ్లి కాని ఇద్దరు కలిసి కొంటే ఎవరి పరిమితి వాళ్లది. ఇది 2015లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు వాస్ కేసులో తేల్చింది, ఆ కేసు వేసిన ఇద్దరూ కాలిఫోర్నియాలో రిజిస్టర్డ్ డొమెస్టిక్ పార్ట్‌నర్లే. 2016లో ఐఆర్‌ఎస్ కూడా ఒప్పుకుంది. బే ఏరియాలో ఇళ్ల ధరలకి ఇది చిన్న విషయం కాదు. ఇద్దరికీ పెద్ద జీతాలుంటే అదనపు మెడికేర్ పన్ను పరిమితి కూడా అంతే, సింగిల్‌కి 2,00,000, జాయింట్‌కి కలిపి 2,50,000. కాబట్టి ఇద్దరూ సిటిజన్లై, ఇద్దరూ బాగా సంపాదిస్తూ, పెద్ద లోన్ తీసుకునే జంట అయితే డీపీలోనే ఉండిపొమ్మని చెప్పే సందర్భాలు నాకున్నాయి.

డిసెంబర్ 31న పెళ్లైనా ఆ ఏడాది మొత్తానికీ పెళ్లైనట్టే. ముహూర్తం పెట్టేటప్పుడు గుర్తుంచుకోండి.

కాగితాల పిచ్చి

మాష్టారూ, ఇద్దరూ సిటిజన్లు అయితే అని మీరే అన్నారు. ఇక్కడ ఒకడికి స్టేటస్ పోబోతోంది, మీరు వడ్డీ డిడక్షన్ గురించి చెప్తున్నారు.

లెక్కల మాష్టారు

ప్రశ్న అడిగిన ఆయన ఒక్కడే చదవడు కదండీ దీన్ని.

రెండో షిఫ్ట్

అందరికీ థాంక్స్, నిన్నటిదాకా తేలిక అనుకున్నది ఇవాళ టెన్షన్ అయ్యింది, అయినా మంచిదే. మా కంపెనీ అడుగుతున్నది రాష్ట్రంలో రిజిస్టర్ అయిన డీపీయే, అఫిడవిట్ కాదు, కనుక్కున్నాను.

కాగితాల పిచ్చి గారూ, తను కువైట్‌లో పుట్టాడు. వాళ్ల నాన్నగారు అక్కడ చాలా ఏళ్లు పని చేశారు, స్కూల్‌కి వచ్చే వయసుకి కడప తిరిగొచ్చేశారు. పాస్‌పోర్ట్ ఇండియాదే. ఎందుకు అడిగారు?

కాగితాల పిచ్చి

అందుకే అడిగా! గల్ఫ్‌లో పుట్టిన మనవాళ్లు ఎంతమంది ఉన్నారో, ఎంతమందికి ఈ సంగతి తెలియదో.

గ్రీన్ కార్డ్ క్యూ పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. ఏడాదికి ఇచ్చేవాటిలో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది కాబట్టి ఇండియాలో పుట్టిన ఈబీ-2 వాళ్లు పదేళ్లకు పైగా ఆగుతున్నారు. మీవాడు పాస్‌పోర్ట్ ఏదైనా కువైట్ లెక్కలోకి వస్తాడు, అతను పుట్టినప్పుడు తల్లిదండ్రులు అక్కడే నివాసం ఉన్నారు కాబట్టి అందులో పేచీ ఉండకూడదు. చట్టం ఏమంటుందంటే, భార్యాభర్తల్లో ఒకరు పుట్టిన దేశం క్యూని రెండో వాళ్లు కూడా వాడుకోవచ్చు. క్రాస్ ఛార్జబిలిటీ అంటారు. ప్రైమరీ అప్లికెంట్ మీరే అయినా, డిపెండెంట్ అతనే అయినా, అతని పుట్టిన దేశంతో మీరు ఇండియా క్యూ వదిలేసి మిగతా ప్రపంచం క్యూలోకి వెళ్లొచ్చు. ఆ క్యూ కూడా ఒక్కోసారి ఆగుతుంది, అయినా మన క్యూతో పోల్చేదే కాదు. మీ ప్రయారిటీ డేట్ (క్యూలో మీ స్థానం చెప్పే తేదీ) ఇప్పటికే పాతదైతే ఐ-485 (గ్రీన్ కార్డ్ అప్లికేషన్) వెంటనే వెయ్యగలిగే స్థితిలో కూడా ఉండొచ్చు. ఇద్దరూ కలిసే వెయ్యాలి, మీ కేసు అతని మీద ఆధారపడుతుంది కాబట్టి.

ఇది పెళ్లైన జంటకే. డీపీకి లేదు. ఇంకో చిక్కు కూడా గుర్తుపెట్టుకోండి, మీ గ్రీన్ కార్డ్ అప్రూవ్ అయ్యాక పెళ్లి చేసుకుంటే అతను మీ డిపెండెంట్‌గా మీ కేసులోకి రాలేడు, కొత్తగా ఫ్యామిలీ పిటిషన్ వేసుకుని ఆ క్యూలో నిలబడాలి. పెళ్లి ముందు, గ్రీన్ కార్డ్ తర్వాత. ఎఫ్-1లో ఉండగా 485 వేస్తే ట్రావెల్ చిక్కులున్నాయి, ముందు హెచ్-4 కి మారాలా, నేరుగా 485కి వెళ్లాలా అన్నది లాయర్ మీ తేదీలు చూసి చెప్తారు. మీ ప్రశ్నల లిస్టులో ఇది మొదట పెట్టండి.

ఫ్రిస్కో ఎండ

మేమిద్దరం ఆడవాళ్లం, ఒక పాప. కాలిఫోర్నియాలో డీపీతోనే చాలాకాలం ఉన్నాం, పెళ్లి మీద ఇద్దరికీ పెద్ద ఆసక్తి లేదు. ఉద్యోగం కోసం టెక్సాస్ వచ్చాక తెలిసింది. ఇక్కడ రాష్ట్ర చట్టంలో డీపీ అనేదే లేదు. కొత్త కంపెనీ హెచ్‌ఆర్ మా కాగితం చూసి పెళ్లి సర్టిఫికెట్ ఉందా అని అడిగింది, మర్యాదగానే అడిగింది, కానీ లేదంటే ప్లాన్‌లో చేర్చలేనంది. ఆ వారమే కౌంటీ ఆఫీసుకి వెళ్లి పెళ్లి చేసుకున్నాం. పెళ్లైతే 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒబర్గెఫెల్ తీర్పు తర్వాత అందులో సందేహం లేదు.

తలనొప్పి అక్కడితో పోలేదు. కాలిఫోర్నియాలో రిజిస్టర్ అయిన రోజుకీ టెక్సాస్‌లో పెళ్లైన రోజుకీ మధ్య సంపాదించినదీ, కొన్నదీ ఎలా చూస్తారన్నది ఇక్కడి లాయర్‌కి విడమరచి చెప్పాల్సి వచ్చింది. డీపీ విడగొట్టుకోవాల్సి వస్తే మాత్రం కాలిఫోర్నియా కోర్టుకే వెళ్లొచ్చు, అక్కడ రిజిస్టర్ చేసుకున్నప్పుడే రాష్ట్రం వదిలినా ఆ కోర్టు అధికారానికి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టేస్తాం.

పిల్లల ఆలోచన ఉన్నవాళ్లకి ఒక మాట. కాలిఫోర్నియాలో డీపీలో పుట్టిన బిడ్డకి ఇద్దరూ తల్లిదండ్రులే, బర్త్ సర్టిఫికెట్ మీద ఇద్దరి పేర్లూ వస్తాయి. పెళ్లైన సేమ్ సెక్స్ జంటలకి ఆ హక్కు అన్ని రాష్ట్రాల్లోనూ ఉందని 2017లో అర్కాన్సాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కనని తల్లో తండ్రో కోర్టులో అడాప్షన్ ఆర్డర్ తీసుకోవడం మంచిది. సర్టిఫికెట్‌తో ఎవరైనా వాదించొచ్చు, కోర్టు ఆర్డర్‌ని మాత్రం ఇంకో రాష్ట్రం కాదనలేదు. జార్జియాలో ఇచ్చిన అడాప్షన్‌ని అలబామా కొట్టేస్తే 2016లో సుప్రీంకోర్టు మొట్టికాయ వేసి మరీ నిలబెట్టింది. మా పాపని మేమే దత్తత తీసుకోవడం ఏంటని మా అత్తయ్య ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది. తీసుకున్నాం, ఫైల్‌లో ఉంది.

ఆసుపత్రి సంగతి కూడా. పెళ్లైనా కాకపోయినా హెల్త్ కేర్ డైరెక్టివ్, పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఫోన్లో పెట్టుకోండి. రాత్రి ఎమర్జెన్సీలో ఎవరూ చట్టం పుస్తకం తియ్యరు, కాగితం చూపించమంటారు.

సియాటిల్ చినుకు

మా వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే ఈ గొడవే లేకుండా చేశారు. పెళ్లి చట్టం వచ్చాక, 2014 జూన్ 30న, రద్దు చేసుకోని సేమ్ సెక్స్ డీపీలన్నీ వాటంతటవే పెళ్లిళ్లు అయిపోయాయి, ఒకరైనా 62 ఏళ్లు దాటిన జంటలవి తప్ప. అప్పట్లో డీపీ చేసుకుని మర్చిపోయిన వాళ్లు కొందరు తమకి పెళ్లైపోయిందని తెలియకుండానే తిరిగుంటారు! కాలిఫోర్నియా అలా మార్చలేదు. పైగా 2020 నుంచి ఆడా మగా జంటలకి కూడా వయసుతో పని లేకుండా డీపీ తెరిచింది. కాబట్టి అక్కడ ఎవరి స్టేటస్ వాళ్లే చూసుకోవాలి. అక్కడ ఒకే మనిషితో డీపీ, పెళ్లి రెండూ ఉండొచ్చు, పెళ్లి చేసుకుంటే డీపీ పోదు. తర్వాత విడిపోవాల్సి వస్తే కోర్టు ఫారంలో రెండూ టిక్ పెట్టాలి, ఒకటే రద్దు చేసుకుని రెండోది మర్చిపోతే ఇంకెవర్నైనా పెళ్లి చేసుకునేటప్పుడు అడ్డం పడుతుంది.

ఫెడరల్ అంటే డీపీకి అన్నీ సున్నా అనుకోవద్దు, ఒక మినహాయింపు ఉంది. సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పెన్షన్. మీరున్న రాష్ట్రం చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయినవాళ్ల ఆస్తి మీకు భార్య లేదా భర్త స్థానంలో వస్తుందంటే, సోషల్ సెక్యూరిటీ వాళ్లు మిమ్మల్ని భార్యాభర్తల కిందే లెక్కేస్తారు. కాలిఫోర్నియా డీపీకి అది వర్తిస్తుంది. పాత డీపీలో ఒకరు పోయిన పెద్దవాళ్లు మాకు రాదులే అని అప్లై చెయ్యకుండా కూర్చోవద్దు. కోబ్రా (ఉద్యోగం పోయాక ఇన్సూరెన్స్ కొనసాగించే హక్కు), ఎఫ్‌ఎంఎల్‌ఏ లీవు (ఇంట్లోవాళ్ల అనారోగ్యానికి పెట్టే సెలవు), 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో భార్యాభర్తల హక్కులు మాత్రం ఫెడరల్‌గా డీపీకి లేవు. లీవుకి కాలిఫోర్నియా సొంత చట్టం కాస్త ఆదుకుంటుంది.

"రేపు కోర్టు పెళ్లి తీసేస్తే డీపీ అయినా మిగులుతుంది కదా" అనేవాళ్లు కూడా ఉన్నారు. 2022లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ థామస్ ఒబర్గెఫెల్‌ని కూడా మళ్లీ చూడాలని రాసినప్పటి నుంచి ఈ భయం ఉంది. ఆ ఏడాది డిసెంబర్‌లోనే రెస్పెక్ట్ ఫర్ మ్యారేజ్ చట్టం వచ్చింది. ఒక రాష్ట్రంలో చెల్లేలా చేసుకున్న పెళ్లిని ఫెడరల్ ప్రభుత్వమూ, మిగతా రాష్ట్రాలూ గుర్తించాలని అందులో ఉంది. అన్ని రాష్ట్రాలూ కొత్తగా పెళ్లిళ్లు చెయ్యాలని లేదు, అది దాని లోపం. కానీ ఆ చట్టం కాపాడేది పెళ్లినే, డీపీని కాదు. కాలిఫోర్నియా 2024 నవంబర్‌లో ప్రాప్ 8 మాటల్ని రాజ్యాంగంలోంచి ఓటేసి తీసేసింది. కెంటకీ మాజీ క్లర్క్ కిమ్ డేవిస్ ఒబర్గెఫెల్‌ని తిరగదోడమని వేసిన పిటిషన్‌ని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీసుకోలేదు. భయం ఉన్నవాళ్లు పెళ్లి వాయిదా వెయ్యడం కాదు, ముందుకి జరుపుకోవాలి.

రెండో షిఫ్ట్

రాత్రి ఇద్దరం కూర్చుని అన్నీ చదివాం. కువైట్ సంగతి చదివి తను ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇన్నాళ్లూ ఆ ఎండల గురించి తిట్టుకున్నా" అన్నాడు. పెళ్లే చేసుకోవాలని అనుకుంటున్నాం, ఈ నెలలోనే. మిగిలిన ప్రశ్నలు రెండు. ఒకటి, నేను చెప్పేలోపు ఇంట్లో ఎవరి ద్వారానో తెలిసే అవకాశం ఎంత, రికార్డులు ఎవరైనా తియ్యగలరా? రెండు, ఇండియాలో నా పేరు మీద చిన్న ఫ్లాట్, కొన్ని డిపాజిట్లు ఉన్నాయి, వాటి మీద ఈ పెళ్లి ప్రభావం ఏమైనా ఉంటుందా?

పాత కాపు

మొదటిదానికి కాలిఫోర్నియాలో కాన్ఫిడెన్షియల్ మ్యారేజ్ లైసెన్స్ అని ఉంది, మామూలు పబ్లిక్ లైసెన్స్ బదులు దాన్ని అడగండి. ఇద్దరికీ 18 నిండి, ఇప్పటికే కలిసి ఉంటున్నవాళ్లైతే చాలు. సాక్షులు అక్కర్లేదు. దాని కాపీ మీ ఇద్దరికే ఇస్తారు, మూడో మనిషికి కావాలంటే కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. చట్టం దృష్టిలో మామూలు పెళ్లికీ దానికీ తేడా లేదు. లైసెన్స్ 90 రోజులు చెల్లుతుంది, ఆలోపు పెళ్లి జరగాలి. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు ఎక్కువే తీసుకోండి, హెచ్‌ఆర్‌కి ఒకటి, ఇమిగ్రేషన్‌కి ఒకటి. ఆఫీసులో ఇన్సూరెన్స్ ఫారం మీద భర్త అని రాశాక అది మీ తెలుగు టీమ్‌మేట్ల దాకా పాకకుండా చూసుకోవడం మాత్రం ఏ లైసెన్స్ చేతిలోనూ లేదు.

రెండోది. ఇండియాలో ఈ పెళ్లికి గుర్తింపు లేదు. 2018లో సెక్షన్ 377 పక్కకి పోయింది కాబట్టి నేరం కాదు, అంతవరకే. సేమ్ సెక్స్ పెళ్లి హక్కు కోర్టు ఇవ్వడం కుదరదని 2023 అక్టోబర్ 17న సుప్రియో కేసులో అయిదుగురు జడ్జిలు చెప్పారు, రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. అంటే మీకేమైనా అయితే ఆ ఫ్లాట్ అక్కడి వారసత్వ చట్టం ప్రకారం మీ ఇంటివాళ్లకే వెళ్తుంది, మీవాడు అందులో వారసుడు కాడు. కాబట్టి ఇండియా ఆస్తికి విడిగా ఒక వీలునామా, అక్కడి లాయర్‌తో. బ్యాంకుల్లో జాయింట్ అకౌంట్‌కీ, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టడానికీ ఆంక్షలు లేవని కేంద్రం 2024 ఆగస్టులో స్పష్టం చేసింది, పెట్టుకోండి, కానీ నామినీ డబ్బు చేతిలోకి తీసుకునేవాడే తప్ప సొంతదారు కాదు, వీలునామాలో కూడా అదే పేరు ఉండాలి.

ఆ ఫ్లాట్, పాత డిపాజిట్లు పెళ్లికి ముందువి కాబట్టి కాలిఫోర్నియా లెక్కలో మీ విడి ఆస్తే. వాటికి ఇక్కడి జీతంతో ఈఎంఐ కడుతుంటే మాత్రం అది మీ ఇద్దరి డబ్బు అవుతుంది, లాయర్‌కి చెప్పండి. ప్రీనప్ (పెళ్లికి ముందు రాసుకునే ఆస్తి ఒప్పందం) రాసుకునే ఉద్దేశం ఉంటే ఈవారమే మొదలుపెట్టాలి, ఇక్కడ చివరి డ్రాఫ్ట్ చేతికొచ్చాక ఏడు రోజులు ఆగితేగానీ సంతకం చెల్లదు, ఎవరి లాయర్ వాళ్లకి ఉంటే మంచిది.